చేదాయన నాలుకకు పరీక్ష

చేదాయన నాలుక చచ్చిపోయిందని షెడ్డులో మొదట అన్నది ఆయన బావమరిదే. బయటివాడెవడైనా అని ఉంటే ఆ మాట వాడి నోట్లోనే కుక్కి పంపేవాడు. బావమరిది అనేసరికి మింగి ఊరుకున్నాడు. భార్య తమ్ముడితో తగువు పెట్టుకున్నవాడు ఇంట్లో మంచినీళ్ళు కూడా తనే ముంచుకు తాగాలి.

షెడ్డు ముగ్గురిదీ. చేదాయన, ఆయన భార్య, ఆమె తమ్ముడు. గట్ల మీదా కొండవారా మొలిచే మందుమొక్కల్ని జనం కోసి, పచ్చివో ఎండువో తెచ్చి ఇస్తారు. వాటిని నీడలో ఆరబెట్టి, బాగుచేసి, బస్తాలకెత్తి మందుల కంపెనీకి పంపడం వీళ్ళ పని. వచ్చేదాంట్లో సగం నేలవేమే. జ్వరానికీ కాలేయానికీ వాడతారని పేరు. మోకాలెత్తు కూడా ఎదగని ఆ మొక్కకి చేదు మాత్రం తాటిచెట్టంత. బండ్లూ బేరాలూ బావమరిది చూసుకుంటాడు. బాగుచేయించడం భార్య చేతిలో ఉంది. చేదాయనది ఒకటే పని. గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, వచ్చిన ప్రతి మూటలోంచీ చిటికెడు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, ఉమ్మేసి, "దించు" అనో "తీసుకుపో" అనో చెప్పడం.

చూసేవాళ్ళకి అదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఆయనకి అదే బతుకు. పలకా బలపం దాటకముందే బడి మానినవాడికి లోకం ఏ కుర్చీ వెయ్యదు. ఆ పీట ఒక్కటే ఆయన తన నోటితో సంపాదించుకున్నది. మిగతావాళ్ళు నోటితో సంపాదించే తీరు వేరు, అది ఇక్కడ అనవసరం.

అలాంటి పీట కిందికి నీళ్ళొచ్చాయి. కంపెనీవాళ్ళు బండెడు నేలవేము వెనక్కి పంపారు. చేదు చాలలేదట.

"చాలకపోవడమేంట్రా?" అన్నాడు చేదాయన. "ఆ సరుకు నేను స్వయంగా చూశాను. నాలిక మీద పెడితే చెవుల్లోంచి చేదొచ్చింది."

"అదే బావా నా భయం," అన్నాడు బావమరిది, వెనక్కొచ్చిన బస్తాల మీద కాలేసుకుని. "నీకు జ్వరమొచ్చి తగ్గినప్పట్నించీ చూస్తున్నాను. అక్క ఏం వండినా చేదంటావు. చేదుగా ఉండాల్సిన సరుకేమో చేదు లేదని వాళ్ళంటున్నారు. అన్నం చేదు, మందు చప్పన. ఆ నాలికని నమ్ముకుని ఎన్నాళ్ళు చేస్తాం వ్యాపారం?"

"అన్నం చేదుగా ఉంది కాబట్టే చేదన్నాను."

"మేమూ తిన్నాంగా. మాకేం లేదే."

"నీకు ఉప్పుకీ సున్నానికీ తేడా తెలీదు. నీతో నాకు పోలికేంటి?"

భార్య ఆ పక్కనే జల్లెడ పట్టుకుని కూర్చుంది. తల ఎత్తకుండానే, "నా వంటని మధ్యలోకి లాగకండి," అంది.

బావమరిది గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించాడంటే నిర్ణయమైపోయిందని అర్థం. "కోప్పడకు బావా. ఎల్లుండి ఇంకో బండి పోవాలి. అది కూడా తిరిగొస్తే ఆ కంపెనీ మనకి లేనట్టే. ఇకనుంచి వచ్చిన మూటల్లోంచి కాస్త కాస్త బయట పరీక్షకి పంపిద్దాం. నువ్వు హాయిగా ఇంట్లో ఉండు."

హాయిగా ఇంట్లో ఉండమన్న మాట వినడానికి తమలపాకులా ఉంటుంది. నమిలితే గానీ లోపలి సున్నం తెలీదు.

అందరిముందూ నవ్వేశాడు గానీ, చేదాయనకి లోలోపల అనుమానం పట్టుకుంది. జ్వరంలో వారం రోజులు నిజంగానే ఏ రుచీ తెలియలేదు. తర్వాత అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అన్నీ వచ్చాయా? ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు తిరిగొస్తే లెక్కపెట్టుకోవచ్చు, రుచుల్ని ఎలా లెక్కపెడతాం? ఆ సాయంత్రం వేపపుల్ల నమిలాడు. చక్కెర వెయ్యని కాఫీ తాగాడు. పచ్చి కాకరకాయ కొరికాడు. తలనొప్పి మాత్ర ఒకటి నాలుక మీద కరగనిచ్చి, భార్య చూసి నెత్తి కొట్టుకుంటే, "పరీక్ష" అన్నాడు. అన్నీ చేదుగానే ఉన్నాయి. కానీ ఉండాల్సినంత చేదుగా ఉన్నాయా అన్నది మళ్ళీ ఆ నాలుకనే అడగాలి. తూకంరాయి తన బరువు తాను తూచుకోలేదు గదా.

తెల్లారి బస్సెక్కి కంపెనీకి వెళ్ళాడు. పోట్లాడటానికని బయల్దేరాడు గానీ, దారి పొడవునా ఒకటే ప్రశ్న బుర్ర తొలిచింది. వాళ్ళకి చేదు చాలలేదని ఎలా తెలిసింది? చేదుని దేంతో కొలుస్తారు?

పరీక్షల గది మేడ మీద ఉంది. రిపోర్టుల మీద సంతకం పెట్టే మనిషిని ఆయన ఎప్పుడూ చూడలేదు. ముక్కు మీద కళ్ళజోడు, కళ్ళజోడు మీద కోపం ఉన్న ముసలావిడని ఊహించుకున్నాడు. తీరా చూస్తే మేనకోడలి వయసు పిల్ల, తెల్లకోటు చేతులు పైకి మడిచి, తొట్టి దగ్గర గాజుగ్లాసులు కడుగుతోంది. మనసులోనే ఆమెకి పరీక్షలమ్మ అని పేరు పెట్టేశాడు.

"నేలవేము తిరిగొచ్చింది, ఆ షెడ్డు తాలూకు మనిషిని," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "నా నాలిక బాగుందని చెబితే నా సరుకు బాగుందని ఒప్పుకుంటారా అమ్మా?"

పరీక్షలమ్మ గ్లాసు పక్కన పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. "రెండూ వేరు వేరు గదా బాబాయ్. అయినా నాలిక బాగుందో లేదో చూడొచ్చు. మంచి రోజే వచ్చారు. మేం కూడా ఇవాళ నాలికలే చూసుకుంటున్నాం."

"ఏం చూసుకుంటున్నారు?"

"చేదు కొలిచేది నాలికతోనే. మిషనుంది, అది ఫలానా పదార్థం ఇంత ఉందని చెబుతుంది. చేదుగా ఉందా అని అడిగితే దానికి తెలీదు. అందుకని ముందు మా నాలికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాత సరుకు రుచి చూస్తాం. జలుబు చేసినవాళ్ళని ఆ పూట పక్కన పెట్టేస్తాం."

చేదాయనకి సగం కోపం అక్కడే దిగిపోయింది. అంత చదువు చదివి, మేడ కట్టి, తెల్లకోటు తొడుక్కుని, చివరికి వీళ్ళు చేసేదీ నోట్లో పోసుకుని ఉమ్మెయ్యడమే. ఆ మాట పైకి అనలేదు. అంటే ఆ పిల్ల గ్లాసులు దాచేస్తుందేమోనని భయం.

ఆమె బల్ల మీద చిన్న గ్లాసులు వరసగా పెట్టింది. అన్నిట్లోనూ నీళ్ళలాంటి నీళ్ళే. చలిజ్వరానికిచ్చే కొయినా మందు కలిపిన నీళ్ళట. మొదటిదాంట్లో ఉందా లేదా అన్నంత, తర్వాతిదాంట్లో కాస్త ఎక్కువ, అలా పెరుగుతూ పోతుంది. నోట్లో పోసుకుని, నాలుక మొదలు దాకా తిప్పి, కాసేపు ఉంచి ఉమ్మెయ్యాలి. నోరు పుక్కిలించి, కొంచెం ఆగి, తర్వాతి గ్లాసు. మొదట ఏ గ్లాసు దగ్గర చేదు తగిలితే అది చెప్పాలి.

మొదటి గ్లాసులో ఏమీ లేదు. రెండోది కూడా కుళాయి నీళ్ళే. చేదని చెప్పేస్తే పోలా అనుకున్నాడు. ఆమె ఆయన మొహం కేసి చూసి, "మధ్యలో ఉత్త నీళ్ళ గ్లాసు కూడా ఉంటుంది బాబాయ్. గొప్పకి పోయినవాళ్ళు దాని దగ్గర దొరికిపోతారు," అంది.

"నేనేమన్నానిప్పుడు?" అన్నాడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని.

ఇంకో గ్లాసు ఎత్తాడు. నోట్లో నీళ్ళు ఇటూ అటూ తిప్పాడు. ఉమ్మబోతూ ఆగాడు. కొండనాలుక కింద, ఎక్కడో లోపల, పక్కగదిలోంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు సన్నగా తగిలింది. పోయింది. మళ్ళీ తగిలింది.

"ఇక్కడ," అన్నాడు గొంతు తడుముకుంటూ. "ఉంది. సూదిమొనంత ఉంది."

"నాకు దొరికేదీ ఈ గ్లాసు దగ్గరే," అంది పరీక్షలమ్మ. "మాలో ఇద్దరికి ఇంకో రెండు గ్లాసులు దాటితే గానీ తెలీదు. మీ నాలికకి ఏ రోగమూ లేదు."

చేదాయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కొయినా ఘాటని చెప్పుకున్నాడు. కొయినాకి ఘాటుండదని ఇద్దరికీ తెలుసు.

కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పరీక్షలమ్మ ఇంకో గ్లాసు తెచ్చిచ్చింది. ఆయన పంపిన సరుకునే పొడి కొట్టి, నీళ్ళలో మరిగించి, పల్చన చేసిన కషాయం. నోట్లో పోసుకుని తిప్పాడు. తిప్పి ఉమ్మేశాడు. మళ్ళీ పోసుకున్నాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

"మీదే బాబాయ్."

"నా నేలవేము ఇంత మెతకగా ఉండదమ్మా. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఉందిది. ఎవరో మార్చేశారు."

ఆమె బీరువాలోంచి సీలు వేసి దాచిన సంచీ తెచ్చి, ఆయన ముందే విప్పింది. చేదాయన అలవాటు ప్రకారం చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. చేదు చెంపలు పగలగొట్టింది.

"చూడు మరి," అన్నాడు ఉమ్ముతూ. "ఇదీ నా సరుకు."

పరీక్షలమ్మ నుదురు చిట్లించింది. ఇప్పుడు ఆమెకి కూడా పట్టుకుంది. సంచీ ఒకటే, నాలుకా ఒకటే, రుచి మాత్రం రెండు రకాలు. "ఇంకోసారి తీయండి," అంది. తీశాడు, నమిలాడు, అదే చేదు. "ఇంకోసారి." 

"ఏంటమ్మా, ఆట పట్టిస్తున్నావా?"

"కాదు బాబాయ్. మీరు తీసినప్పుడల్లా ఆకే తీస్తున్నారు."

"ఆకు కాకపోతే కాడలు నములుతారా ఎవరైనా? నేనేమన్నా మేకనా?"

అన్నాడే గానీ, మాట పూర్తయ్యేలోపు ఆయన చూపు సంచీలోకి దిగింది. సంచీ నిండా కాడలు. నున్నగా, శుభ్రంగా, చీపురు పుల్లల్లా కాడలు. వాటి మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ ఆకు. తన వేళ్ళు ఆ కాడల అడవిలోంచి సరిగ్గా ఆకునే ఎలా ఏరుకొచ్చాయో ఆయనకే అంతుబట్టలేదు. వేళ్ళని ఎవరూ అలా చెయ్యమనలేదు. ఇన్నేళ్ళుగా అవే నేర్చుకున్నాయి.

"మేం ఎలా తీస్తామో చూస్తారా?" అంది. సంచీ మొత్తం బల్ల మీద కుప్ప పోసింది. కుప్పని నాలుగు పాళ్ళు చేసింది. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్ళు ఉంచి మిగతావి పక్కకి నెట్టింది. ఉంచినదాన్ని కలిపి మళ్ళీ కుప్ప పోసి, మళ్ళీ నాలుగు పాళ్ళు. చివరికి గుప్పెడు మిగిలేదాకా అంతే. మంచీ చెడూ ఏరుకునే వీలు చేతికి లేకుండా చెయ్యడమే ఆ పద్ధతిలో కిటుకు. మిగిలిన గుప్పెడు కాడతో సహా పొడైపోతుంది.

తర్వాత ఆయన్ని భూతద్దం మిషను దగ్గర కూర్చోబెట్టింది. ముందు మంచి ఆకు పొడి చూపించింది. ఆకుపచ్చ ముక్కల్లో అక్కడక్కడా తెల్లగా, మెరుస్తూ, కోలగా ఏవో ఉన్నాయి.

"రాళ్ళు," అన్నాడు చేదాయన హడలిపోయి. "ఇసకొచ్చిందా మళ్ళీ?"

"రాళ్ళే. బయటివి కావు. ఆ ఆకు తనలో తనే కట్టుకునే రాళ్ళు. అవి ఉంటే ఇది నేలవేము అని మాకు ఒక గుర్తు."

చేదాయన చాలాసేపు కన్ను తియ్యలేదు. జీవితమంతా నమిలిన ఆకు. లోపల రాళ్ళు పెట్టుకుని కూర్చుందని ఒక్కనాడు చెప్పలేదు. "మా ఆవిడకి చెప్పకు," అన్నాడు. "వాటినీ ఏరమంటుంది."

ఆమె నవ్వుతూ ఆయన సరుకు పొడి పెట్టింది. ఈసారి కట్టెనారలాంటి పొడుగు పోగులే కనిపించాయి. ఆకు ముక్క కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"చేదు ఎక్కువగా ఉండేది ఆకులోనే బాబాయ్. కాడలో తక్కువ. మీ బస్తాల్లో ఆకు లేదు."

"అయితే చేదే మందంటావా?"

"ఆ మాట నేను చెప్పలేను. ఈ మొక్కలో పనిచేస్తుందని అనుకునే పదార్థం చేదుగా ఉంటుంది. అది తగ్గితే మందులో ఏదో తగ్గినట్టే. జ్వరం దేనివల్ల తగ్గుతుందో చెప్పడం ఇంకా పెద్ద పరీక్ష, అది ఈ గదిలో జరిగేది కాదు."

తెలియని దాన్ని తెలియదని చెప్పే చదువుకున్న మనిషిని చేదాయన అంతవరకూ చూడలేదు. అందుకే ఆమె మిగతా మాటలన్నీ నమ్మాడు. నమ్మి, అడగాల్సింది అడిగాడు, ఆమెని కాదు, తనని తానే. మొక్క మీద ఆకుంది. మూటలో ఆకుంది. బస్తాలో లేదు. మధ్యలో ఎవరు తిన్నారు?

బస్సు సగం దారి రాకముందే జవాబు దొరికింది. పోయిన కోతల సరుకులో కంపెనీవాళ్ళు ఇసక ఎక్కువైందని గొడవ చేశారు. నేలవేముని కాల్చి బూడిద చేసి, ఆ బూడిదని ఆసిడ్‌లో వేస్తే కరగకుండా మిగిలేది ఇసకేనట. ఆ మాట పడలేక, సన్న కళ్ళ జల్లెడ తెప్పించి, "మట్టి రేణువు కనిపించకూడదు, బాగా ఆడించు" అని భార్యకి పురమాయించింది ఎవరో కాదు, తనే. ఎండిన నేలవేము ఆకు ముట్టుకుంటేనే నలిగిపోతుంది. జల్లెడలో ఆడిస్తే ఇసకతోపాటు ఆకంతా కిందికి రాలిపోతుంది. పైన మిగిలేది కాడే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదిగో అలా.

షెడ్డుకి వచ్చేసరికి బావమరిది రేపటి బండికి బస్తాలు కుట్టిస్తున్నాడు.

"కుట్టకు," అన్నాడు చేదాయన. "ఈ సరుకు పంపకూడదు."

"నాలిక సంగతేమైంది?"

"బ్రహ్మాండంగా ఉంది."

"నాలిక బాగుంటే నువ్వు చూసి దింపించిన సరుకు బాగుండాలి. సరుకు బాగోలేదంటే నాలిక బాగోలేనట్టు. రెండు గుర్రాల మీదా కూర్చుంటానంటావేంటి బావా?"

చేదాయన జరిగింది చెప్పాడు. జల్లెడ దగ్గరికి వచ్చేసరికి కాస్త నీళ్ళు నమిలాడు గానీ, తనే చేయించానని ఒప్పుకున్నాడు. భార్య అంతా విని, షెడ్డు వెనక పోసిన జల్లెడ మట్టి కుప్ప దగ్గరికి వెళ్ళి, చిటికెడు తెచ్చి నాలుక చివర అద్దుకుంది. మొహం వంకర తిరిగిపోయింది.

"అమ్మో. ఇదా నేను పారబోస్తున్నది," అంది. తర్వాత తన అరచేతుల కేసి చూసుకుంది, వాసన చూసుకుంది. "ఏమండీ, నేను జల్లెడ పట్టి లేచి వెళ్ళి వంట చేసేదాన్ని. సబ్బుతో కడుక్కునేదాన్ని గానీ..."

బావమరిది దగ్గరికొచ్చి అక్క అరచేతులు వాసన చూశాడు.

"అన్నం చేదన్నాను," అన్నాడు చేదాయన నిదానంగా, ఒక్కొక్క మాటా బల్ల మీద పెడుతున్నట్టు. "నెల రోజుల నుంచీ అంటున్నాను. పిచ్చోణ్ణి చేశారు."

"మాకెందుకు తెలియలేదు మరి?" అన్నాడు బావమరిది.

"నీకు ఉప్పుకీ సున్నానికీ..."

"సర్లే, సర్లే."

అయినా బావమరిది కథలకి లొంగే రకం కాదు. రేపు కంపెనీకి ఫోను చేసి సరుకు లేదని చెప్పాల్సింది అతనే. అక్కని లోపలికి పంపి, గ్లాసులు నింపించాడు. ఒకదాంట్లో కుట్టిన బస్తాలోంచి గుప్పెడు, ఒకదాంట్లో నిన్న దిగిన, ఇంకా జల్లెడ తగలని మూటలోంచి గుప్పెడు, నలగ్గొట్టి మరిగించి. ఏది ఏదో ఆమెకి తప్ప తెలీదు. "చెప్పు చూద్దాం," అన్నాడు. "తప్పితే మాత్రం పీట దిగిపోవాలి."

చేదాయన మొదటి గ్లాసు నోట్లో తిప్పి ఉమ్మేశాడు. "కుట్టిన బస్తా."

రెండోది. "నిన్నటి మూట. ఇది నేలవేము."

మూడోది కూడా ఉంది. అది బావమరిది తనే తెచ్చి పెట్టాడు. చేదాయన తాగాడు, మింగేశాడు కూడా. "ఇది ఉత్త నీళ్ళు. నీ బేరం మాటల్లాగే ఉంది, రుచీ పచీ లేకుండా."

భార్య తలూపింది. మూడూ సరిపోయాయి. బావమరిది కుట్టుసూది తీసి, బస్తా మూతి కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. "పీట నీదే బావా," అన్నాడు అటు తిరిగే.

"మట్టి మాటేంటి మరి?" అంది భార్య. "జల్లెడ మానేస్తే మళ్ళీ ఇసకంటారుగా."

ముగ్గురూ నేల మీద కూర్చుని దాని గురించే మాట్లాడుకున్నారు. చివరికి ఆమే అంది, మొక్క పచ్చిగా ఉండగా ఆకు కాడని వదలదు గదా, అప్పుడే వేర్లు కోసేసి దులిపేస్తే, తర్వాత నేల మీద కాకుండా బట్ట మీద ఆరబోస్తే, అసలు జల్లెడతో పనేముందని. చేదాయన లేచి జల్లెడ తీసి గోడకి తగిలించేశాడు.

మర్నాడు పొద్దున్నే ఒకతను భుజం మీద ఎండు నేలవేము మూట వేసుకొచ్చాడు. చేదాయన పీట మీద కూర్చుని ఉన్నాడు. మూట విప్పగానే చెయ్యి అలవాటుగా ముందుకి పోయింది. సగంలో ఆపి, వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇలా రా," అన్నాడు భార్యని. "నువ్వు తియ్యి."

"నేనా? మీ పని నేను చెయ్యడమేంటి?"

"నా చెయ్యికి ఆకంటే మోజు. దాన్ని నమ్మలేను. నువ్వు అటు చూస్తూ మూట అడుగుదాకా చెయ్యి పెట్టి, ఏదొస్తే అది ఇవ్వు."

ఆమె కొంగు బిగించి, మొహం పక్కకి తిప్పుకుని, మోచెయ్యి దాకా మూటలోకి దూర్చి గుప్పెడు లాగింది. ఆకులూ, కాడలూ, గింజల తొడిమలూ, అన్నీ కలిసొచ్చాయి. దాన్ని చేదాయన అరచేతిలో పోసి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఆయన కొంచెం జరిగాడు. పీట ఇద్దరికీ సరిపోయేది కాదు గానీ, సగం ఖాళీ చేశాడు. ఆమె లేచి పీట మీద కూర్చుంది.

గుప్పెడూ నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆకు చేదు ముందే తెలిసిపోయింది, అది పాత స్నేహితుడు. దాని వెనక కాడ నెమ్మదిగా, గడ్డివాసనతో, వేరే రకం చేదుతో రాసాగింది. ఇన్నేళ్ళలో అది ఆయన నాలుకకి ఎప్పుడూ తగలలేదు.

మూట తెచ్చినతను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. "ఏం సంగతి? దించమంటారా, తీసుకుపోమంటారా?"

చేదాయన కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తాడు. నోరు నిండి ఉండటంతో మాట సరిగ్గా రాలేదు.

"ఉండు నాయనా," అంది భార్య. "ఇంకా నములుతున్నారు."